బెంగళూరు పోలీసు తరఫున మాట్లాడేదెవరు?

2023 మార్చి 1న కర్ణాటక ప్రభుత్వోద్యోగులు రాష్ట్రమంతటా సమ్మెకు దిగారు. అసెంబ్లీ ఎన్నికలకు రెండు నెలల పైచిలుకే మిగిలింది. ప్రభుత్వానికి ఆ టెన్షన్ చాలు. అదే రోజు 17 శాతం మధ్యంతర పెంపు ప్రకటించారు, సమ్మె ఆగిపోయింది. ఆ పెంపు పోలీసులకూ వచ్చింది. ఆఫీసుకు తాళం వేసి సమ్మె చేసిన గుమాస్తాకు ఎంత శాతమో, ఆ రోజు రోడ్డు మీద డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్‌కూ అంతే శాతం.

కర్ణాటకలో పోలీసు జీతం చాలావరకు ఇలాగే పెరుగుతుంది. పక్క శాఖలవాళ్ళ సంఘం కొట్లాడి తెస్తుంది, పోలీసు తన వాటా తీసుకుంటాడు. మూల వేతనం వరకు ఈ ఏర్పాటు బాగానే నడుస్తుంది. కానీ నైట్ డ్యూటీ చేసి పొద్దున ఇంటికి వెళ్ళాల్సినవాణ్ణి బందోబస్తుకు పంపితే ఏ గుమాస్తాల సంఘం అడుగుతుంది? వారాంతపు సెలవు కాగితం మీద ఉండి రోస్టర్‌లో లేకపోతే, ఉత్తర కర్ణాటక నుంచి వచ్చినవాడు సొంత జిల్లాకు బదిలీ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తుంటే, చేయని తప్పుకు మెమో వస్తే వాళ్ళ తరఫున ఎవరు వెళ్తారు? ఇవి పోలీసుకే ఉన్న కష్టాలు. వీటిని అడిగే సంఘం కర్ణాటకలో కానిస్టేబుల్‌కు లేదు.

సరిహద్దుకు ఇటూ అటూ చుట్టరికాలున్న తెలుగు కుటుంబాలకు ఈ తేడా ఇంట్లోనే కనిపిస్తుంది. గౌరిబిదనూరు, బాగేపల్లి, పావగడ వైపు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం నేర్చుకున్న కుర్రాళ్ళు కర్ణాటక పోలీసులో చేరి బెంగళూరు వస్తారు. అవతల హిందూపురంలోనో, గోరంట్లలోనో ఉన్న మేనమామ కొడుకు ఏపీ పోలీసులో చేరతాడు. ఇద్దరిదీ అదే ఖాకీ, ఇంచుమించు అదే పని. పండక్కి కలిస్తే మాత్రం మాటలు వేరు. సరెండర్ లీవు డబ్బులు, అంటే వాడని సెలవులకు వచ్చేవి, టీఏ (ప్రయాణ భత్యం) బకాయిలు ఆగిపోతే ఏపీలో పోలీసు అధికారుల సంఘం జిల్లా అధ్యక్షుడు వినతిపత్రం పట్టుకుని ఎస్పీ దగ్గరకు వెళ్తాడు, రాష్ట్ర కార్యవర్గం డీజీపీని కలుస్తుంది. డబ్బులు వెంటనే పడతాయని కాదు. ఫలానావాళ్ళు అడిగారు, ఫలానా జవాబు వచ్చింది అన్న సంగతి మాత్రం కింది దాకా తెలుస్తుంది. బెంగళూరులో ఉన్న బామ్మర్దికి ఆ సంగతి చెప్పేవాళ్ళే లేరు.

రెండు రాష్ట్రాలకూ వర్తించే చట్టం మాత్రం ఒకటే. సంఘాలు పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19(1)(సి) అధికరణంలో పౌరులందరికీ ఉంది. సైన్యానికీ, శాంతిభద్రతలు చూసే బలగాలకూ ఆ హక్కును ఎంతవరకు తగ్గించాలో పార్లమెంటు నిర్ణయించవచ్చని 33వ అధికరణం చెబుతుంది. దాని కింద వచ్చిందే 1966 నాటి పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం. కేంద్ర ప్రభుత్వం గానీ, నిబంధనల్లో పేర్కొన్న అధికారి గానీ స్పష్టంగా అనుమతిస్తే తప్ప పోలీసు ఏ కార్మిక సంఘంలోనూ, రాజకీయ సంఘంలోనూ చేరకూడదు. బలగంలో భాగంగా గుర్తింపు లేని ఇతర సంఘాల్లోనూ చేరకూడదు. కేవలం సామాజికమైనవి, వినోదం కోసమో మతపరంగానో నడిచేవి అయితే పరవాలేదు. మీరితే రెండేళ్ళ దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

అదే చట్టంలో పత్రికలతో మాట్లాడటం మీద, ఏదైనా అచ్చు వేయించడం మీద కూడా నిషేధం ఉంది. ఉద్యోగ బాధ్యతలో భాగమైతే మినహాయింపు. సాహిత్యం, కళ, శాస్త్రం అయినా మినహాయింపే. అంటే నైట్ బీట్ మీద కవిత రాసి పత్రికకు పంపితే సరే, నైట్ బీట్ అలవెన్సు మీద ఉత్తరం రాసి పంపితే నేరం. భజన మండలికి అడ్డు లేదు, బకాయిల మీద మీటింగు పెడితే ఉంది. చట్టం రాసినవాళ్ళు నవ్వించాలని రాయలేదు గానీ, చదివితే నవ్వొస్తుంది.

ఈ ఆంక్షల వెనకున్న సర్కారు భయం మాత్రం ఉత్తిది కాదు. 1973 మేలో ఉత్తరప్రదేశ్ సాయుధ పోలీసులు, అంటే పీఏసీ, తిరగబడితే సైన్యాన్ని దించాల్సి వచ్చింది. కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, ముఖ్యమంత్రి కమలాపతి త్రిపాఠి రాజీనామా చేశారు. 1979లో పంజాబ్‌లో మొదలైన పోలీసుల ఆందోళన తమిళనాడుతో పాటు పలు రాష్ట్రాలకు, కేంద్ర బలగాలకూ పాకింది. 1982 ఆగస్టులో బొంబాయి పోలీసుల సంఘం గుర్తింపు రద్దై నాయకులు అరెస్టయితే నగరం ఒక రోజంతా అల్లర్లతో అట్టుడికింది. ఆయుధం చేతిలో ఉన్నవాడు పని ఆపేస్తే ఏమవుతుందో ఈ పాలకులు కళ్ళారా చూశారు. ఢిల్లీ పోలీసుల నాన్ గెజిటెడ్ సంఘం కేసులో 1986లో సుప్రీంకోర్టు కూడా సర్కారు వైపే నిలిచింది. పోలీసు సంఘానికి గుర్తింపు ఇవ్వడం, తీసేయడం ప్రభుత్వం చేతిలో పని అని, చట్టం పెట్టిన ఆంక్షలు 33వ అధికరణానికి లోబడే ఉన్నాయని తేల్చింది.

అయితే ఈ చరిత్ర అంతా సమ్మె గురించి. పోలీసు సమ్మె చేయకూడదన్నదాని మీద ఈ వ్యాసానికీ పేచీ లేదు. చిక్కల్లా సమ్మెను ఆపడానికి వేసిన గేటు కబురును కూడా ఆపేయడం దగ్గర వచ్చింది. పోలీసు సంఘాలు బాగా నడిచే దేశాల్లో వాళ్ళ రోజువారీ పనిలో సమ్మె ఊసే ఉండదు. సభ్యుడికి తెలియాల్సింది తెలియజేయడం, అతను ఒంటరిగా కూర్చోవాల్సిన గదిలో పక్కన కూర్చోవడం, ఈ రెండింటికే వాళ్ళ సమయమంతా సరిపోతుంది.

ఇంగ్లండ్‌లో ఇది ఎలా మొదలైందో చూస్తే విషయం తేటపడుతుంది. 1918 ఆగస్టులో లండన్ పోలీసులు సమ్మె చేశారు. మరుసటి ఏడు మళ్ళీ సమ్మె జరిగింది, ముఖ్యంగా లివర్‌పూల్‌లో. రెండోసారి సమ్మె చేసినవాళ్ళందరినీ తీసేశారు, మళ్ళీ ఉద్యోగాల్లోకి తీసుకోలేదు. కానీ ఆ ఏడాదే 1919 పోలీసు చట్టం చేసి, సమ్మెను నిషేధించిన చేత్తోనే పోలీస్ ఫెడరేషన్ అనే సంఘాన్ని పెట్టారు. కానిస్టేబుల్ నుంచి ఆ తర్వాతి కాలంలో చీఫ్ ఇన్‌స్పెక్టర్ దాకా అందరూ అందులోకే వస్తారు. ప్రతి బలగంలోనూ ఎన్నికైన ప్రతినిధులుంటారు. క్రమశిక్షణ విచారణకు పిలిస్తే 'పోలీసు మిత్రుడు' అనే హోదాలో మరో పోలీసు వెంట వెళ్ళవచ్చని నిబంధనల్లోనే రాసి ఉంది. సాధారణంగా ఆ మిత్రుడు ఫెడరేషన్ ప్రతినిధే. 2013లో సమ్మె హక్కు కావాలా అని ఫెడరేషన్ ఓటింగ్ పెడితే, ఓటేసినవాళ్ళలో ఎక్కువమంది కావాలన్నా మొత్తం సభ్యుల్లో సగం దాటకపోవడంతో ఆ తీర్మానం వీగిపోయింది. సమ్మె లేకుండానే ఆ సంఘం వందేళ్ళు దాటింది.

బెంగళూరులో ఒక కానిస్టేబుల్‌కు ఇలాంటి మిత్రుడు లేకపోతే ఏమవుతుంది? ఎక్కడైనా జరిగే ఉదాహరణే తీసుకుందాం. కోర్టుకు తీసుకెళ్ళిన ముద్దాయి తప్పించుకుపోయాడు. ఎస్కార్టులో ఇద్దరు కానిస్టేబుళ్ళు. ఆ రాత్రే స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ ముందు కూర్చోబెట్టి స్టేట్‌మెంట్ రాయించుకుంటారు. భయం, నిద్రలేమి, పైగా 'ఇలా రాసేయ్, తర్వాత చూసుకుందాం' అనే సలహా ఇచ్చే సీనియర్ ఒకరు పక్కన. సంకెళ్ళు సరిగ్గా లేవనో, ఎస్కార్టుకు నలుగురు కావాల్సిన చోట ఇద్దరినే పంపారనో అతను రాయడు. రాస్తే పంపినవాళ్ళ పేరు బయటికొస్తుంది. మర్నాడు సస్పెన్షన్ ఆర్డరు చేతికొస్తుంది. మొదట్లో సగం జీతం. అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్స్ దాటి వెళ్ళకూడదు.

కొన్ని వారాలకో నెలలకో డీఈ మొదలవుతుంది, అంటే శాఖాపరమైన విచారణ. చార్జ్ మెమోతో పాటు ఆరోపణల వివరం, సాక్షుల జాబితా, పత్రాల జాబితా వస్తాయి. గడువులోగా జవాబివ్వాలి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. జాబితాలో ఉన్న పత్రాలు చూపించమని రాతపూర్వకంగా అడగవచ్చని చాలామందికి తెలియదు. సాక్షిని తాను కూడా ప్రశ్నించవచ్చని తెలిసినా, ఆ సాక్షి తన ఇన్‌స్పెక్టరే అయితే నోరు పెగలదు. కేంద్ర సర్వీసు నిబంధనల్లో మరో ప్రభుత్వోద్యోగిని సహాయకుడిగా పెట్టుకునే వీలుంది. అలాంటి వీలు ఉన్నచోట కూడా, పై అధికారి మీద కేసు వాదించే సాహసం చేసే సహోద్యోగి ఎక్కడ దొరుకుతాడు? రేపు డ్యూటీ వేసేది ఆ అధికారే.

విచారణ ముగిశాక శిక్ష వేసే ముందు విచారణాధికారి రిపోర్టు ప్రతిని ఉద్యోగికి ఇవ్వాలి, దాని మీద అతను చెప్పుకునేది వినాలి. 1993లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చిన సంగతి ఇది. మన హైదరాబాద్ ఈసీఐఎల్ ఉద్యోగి కేసులోనే. తీర్పు వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది, ప్రతి లా కాలేజీలోనూ చెబుతారు. కానీ రిపోర్టు చేతికొచ్చినప్పుడు దాన్ని చదివి, ఫలానా సాక్షి చెప్పింది ఇందులో తప్పుగా రాశారని పాయింట్లవారీగా జవాబు రాసుకోవడం ఎలాగో కానిస్టేబుల్‌కు ఎవరు నేర్పిస్తారు? 'తప్పైపోయింది, పిల్లలు గలవాణ్ణి, దయచూపండి' అని ఒక పేజీ రాసిచ్చేవాళ్ళు ఉంటారు. దాంతో ఆరోపణ ఒప్పుకున్నట్టే అవుతుంది. ఇంక్రిమెంట్లు కోసేశాక వకీలును వెతుక్కుంటూ కేజీ రోడ్డులో కందాయ భవన్‌లో ఉన్న రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్‌కు వెళ్తే అక్కడ ముందు అడిగేది ఆ మొదటి జవాబులో ఏం రాశావన్నదే.

ఎవరైనా ముందే ఒక పేజీ కాగితం చేతిలో పెట్టి, మొదటి రోజు ఇది రాయి, ఇది రాయకు, ఈ పత్రాలు అడుగు, ఈ తేదీ దాటనివ్వకు అని చెప్పి ఉంటే చాలా కేసులు ట్రిబ్యునల్ దాకా రానే రావు. సంఘాలు ఇచ్చే సమాచారమంటే ప్రధానంగా ఇదే. అమెరికాలో 1967 నాటి గ్యారిటీ తీర్పు ఉంది. ఉద్యోగం పోతుందని బెదిరించి రాయించుకున్న స్టేట్‌మెంట్‌ను క్రిమినల్ కేసులో వాడకూడదని దాని సారం. సంఘంలో చేరిన కొత్త పోలీసుకు ఆ తీర్పు పేరు నోటికి వచ్చేస్తుంది, ఎందుకంటే సంఘం చెబుతూనే ఉంటుంది.

బెంగళూరులో అధికారికంగా ఉన్న దారి పై అధికారి పెట్టే కుందుకొరతల సభ. అంటే సమస్యలు చెప్పుకునే మీటింగు. కవాతు రోజునో, స్టేషన్ చూడటానికి వచ్చినప్పుడో 'ఏమైనా ఇబ్బందులుంటే చెప్పండి' అంటారు. కొందరు కమిషనర్లు, డీసీపీలు నిజంగానే విన్నారు, కొన్ని పనులు చేశారు కూడా. కానీ వరుసలో నిలబడి, పక్కనే తన ఇన్‌స్పెక్టర్ ఉండగా చెయ్యెత్తేవాడు క్వార్టర్స్‌లో నీళ్ళు రావడం లేదని చెబుతాడు తప్ప రోస్టర్‌లో అన్యాయం జరుగుతోందని చెప్పడు. నీళ్ళ సమస్య తీరుతుంది. రెండోది వాట్సాప్‌లోకి వెళ్తుంది.

2016 మే నెలలో అదే జరిగింది. పక్క రాష్ట్రాలతో సమానంగా జీతం, వారాంతపు సెలవు, అధికారుల ఇళ్ళలో చేసే ఆర్డర్లీ పనుల రద్దు, పై అధికారుల వేధింపుల నుంచి విముక్తి అనే డిమాండ్లతో జూన్ 4న అందరూ సామూహిక సెలవు పెట్టాలని అఖిల కర్ణాటక పోలీసు మహాసంఘం పిలుపునిచ్చింది. దానికి గుర్తింపు లేదు. దాని అధ్యక్షుడు ఎప్పుడో ఉద్యోగం పోయిన మాజీ పోలీసు. అయినా పిలుపు ఫోన్ల మీద రాష్ట్రమంతా తిరిగింది, వేలమంది సెలవు దరఖాస్తులు పెట్టారు. సర్కారు ఉలిక్కిపడింది. సెలవులు రద్దు చేసింది, అత్యవసర సేవల చట్టం ప్రయోగించింది, జూన్ 4 రాకముందే ఆ అధ్యక్షుడిని రాజద్రోహం సెక్షన్ కింద అరెస్టు చేసింది. ఆ రోజు స్టేషన్లు మామూలుగానే నడిచాయి.

ఆ ఉదంతంలో ఆలోచించాల్సింది వేరే ఉంది. లక్షకు దగ్గరగా మంజూరైన పోస్టులున్న శాఖలో, ఎప్పుడో బయటికి వెళ్ళిన ఒక మనిషి మాట ఇంతమంది ఎందుకు విన్నారు? ఇంకెవరూ మాట్లాడటానికి లేరు కాబట్టి. ప్రభుత్వం వైపు నుంచి చూసినా నష్టమే. చర్చలకు పిలుద్దామంటే ఎవరిని పిలవాలి? ఒప్పందం కుదిరితే దాన్ని కింద అమలు చేయించే పూచీ ఎవరిది? గుర్తింపు లేని మనిషితో మాట్లాడకూడదు, గుర్తింపు ఉన్న మనిషి లేడు. చివరికి సీనియర్ ఐపీఎస్ అధికారి రాఘవేంద్ర ఔరాద్కర్ నేతృత్వంలో కమిటీ వేశారు. కానిస్టేబుళ్ళ జీతం ఎంతుండాలో ఐపీఎస్‌లు తేల్చారన్నమాట. కమిటీ న్యాయంగానే రాసింది, దాదాపు 30 శాతం పెంచాలంది. అమలు మాత్రం 2019 ఆగస్టు దాకా నాన్చారు. చివరికి కానిస్టేబుల్ స్కేలు 23,500 నుంచి 47,650 రూపాయలుగా మారింది.

కొత్తగా చేరినవాళ్ళు సంతోషించారు. సర్వీసు ఎక్కువున్నవాళ్ళు తమకు పెద్దగా కలిసి రాలేదని గొణిగారు. ఫిట్‌మెంట్ లెక్క ఎలా వేశారు, ఏ ర్యాంకుకు ఎంత, పాత ఇంక్రిమెంట్లు ఏమయ్యాయి అన్నది పూసగుచ్చినట్టు చెప్పే బాధ్యత ఎవరి మీదా లేదు. ఫార్వర్డ్ మెసేజీల్లో తలా ఒక లెక్క తిరిగింది. గుర్తింపు ఉన్న సంఘం ఉంటే కనీసం ఒక సర్క్యులర్ వచ్చేది. అందులో తప్పుంటే నిలదీయడానికి కింద సంతకం పెట్టిన మనిషి ఉండేవాడు. పుకారుకు సంతకం ఉండదు.

2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. మర్నాడు నగర పోలీసు కమిషనర్ బి. దయానంద సహా మొత్తం ఐదుగురు అధికారులను సస్పెండ్ చేశారు. వాళ్ళలో ఒక ఐపీఎస్ అధికారి కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్‌కు వెళ్తే జూలై 1న సస్పెన్షన్ కొట్టేశారు. పోలీసులు కూడా మనుషులే, దేవుళ్ళో మాంత్రికులో కాదని ట్రిబ్యునల్ అంది. ఆ నెలాఖరుకల్లా మిగతా నలుగురి సస్పెన్షన్లూ ఎత్తేశారు. ఐపీఎస్‌లకు సొంత సంఘం ఉంది, చట్టం తెలుసు, వకీళ్ళను పెట్టుకునే స్తోమత ఉంది. జూన్‌లో కమిషనర్‌ను సస్పెండ్ చేసిన వారంలోనే అందుకు నిరసనగా ఒక హెడ్ కానిస్టేబుల్ అంబేడ్కర్ ఫొటో పట్టుకుని ఒక్కడే రోడ్డెక్కాడు. తోటి పోలీసులే అదుపులోకి తీసుకున్నారు. గమనిస్తే, అతను అడిగింది తన కోసం కూడా కాదు, తన పై అధికారి కోసం. ఒకే బాధ, ఒకే శాఖ. పైవాడు పిటిషన్ వేస్తే హక్కు, కిందివాడు ఫొటో పట్టుకుంటే క్రమశిక్షణ ఉల్లంఘన.

ఇంతమాత్రాన సంఘానికి గుర్తింపు ఇచ్చేస్తే అంతా చక్కబడుతుందని చెబితే అబద్ధమే అవుతుంది. తెలంగాణలో గుర్తింపు ఉన్న పోలీసు అధికారుల సంఘం ఉంది. అయినా 2024 అక్టోబరులో స్పెషల్ పోలీసు బెటాలియన్లలో సెలవుల విధానం మార్పు మీద అసంతృప్తి రేగినప్పుడు రోడ్డెక్కింది కానిస్టేబుళ్ళ భార్యలు. రాష్ట్రమంతా ఒకే పోలీసు ఉండాలని వాళ్ళ నినాదం. తర్వాత కానిస్టేబుళ్ళే నిరసనలకు దిగారు. 39 మందిని సస్పెండ్ చేశారు, 10 మందిని విచారణ లేకుండానే 311వ అధికరణం కింద డిస్మిస్ చేశారు. చట్టం ఆంక్షలు పోలీసు మీదే, అతని ఇల్లాలి మీద కాదు. అందుకే సంఘం చేయాల్సిన పని భార్యల మీద పడింది. సంఘం ఉన్నా ఎందుకు పడిందన్నదే ప్రశ్న.

జవాబు మరీ కష్టమేం కాదు. ఎన్నికలు సమయానికి జరగని సంఘం, జిల్లా కేంద్రంలో ఆఫీసు డ్యూటీ ఉన్నవాళ్ళే ఏళ్ళ తరబడి పదవుల్లో ఉండే సంఘం, బెటాలియన్‌లో గుడారంలో పడుకునేవాడి కష్టం ఎలా చెబుతుంది? జనవరి 1న కొత్త డైరీ ఆవిష్కరణ, కొత్త డీజీపీకి బొకే, ఫొటో. ఈ మూడింటి దగ్గర ఆగిపోయే సంఘాలు ఏ శాఖలోనైనా ఉంటాయి. పోలీసు శాఖలో ఆ జబ్బు ఇంకా త్వరగా పట్టుకుంటుంది, ఎందుకంటే నాయకుడి బదిలీ కూడా అదే అధికారి చేతిలో ఉంటుంది. ఏపీలో 2019 జూన్‌లో వారాంతపు సెలవు ప్రకటించినప్పుడు పెద్ద పేరొచ్చింది. అమలు స్టేషన్‌ను బట్టి మారింది. ఏ స్టేషన్‌లో అమలవుతోంది, ఏ స్టేషన్‌లో లేదు అని నెలనెలా లెక్క తీసి బయటపెట్టడం సంఘం చేయదగ్గ పని. అలాంటి లెక్క ఒక్కటి ఉన్నా బోలెడు వినతిపత్రాలు మిగిలేవి.

కేరళ రెండో అంచు. అక్కడ పోలీసు సంఘాలకు దశాబ్దాల చరిత్ర ఉంది, మహాసభలకు ముఖ్యమంత్రులు వస్తారు. 2018లో మహాసభల దగ్గర అమరుల స్తూపాలకు ఎర్ర రంగు వేసి పార్టీ తరహా నినాదాలు ఇచ్చారని పెద్ద గొడవైంది. పోలీసు సంఘం అధికార పార్టీ అనుబంధ సంఘంలా కనిపిస్తే స్టేషన్ మెట్లెక్కే ప్రతిపక్ష కార్యకర్తకు నమ్మకం ఎలా ఉంటుంది? కర్ణాటకలో పోలీసు సంఘం వద్దనేవాళ్ళు ఎక్కువగా చూపించేది ఇదే, అది తీసిపారేయాల్సిన వాదన కాదు.

అమెరికా ఇంకో హెచ్చరిక. బోస్టన్‌లో 1919లో సమ్మె చేసిన 1,100 మందికి పైగా పోలీసులను తీసేశాక అక్కడ చాలా కాలం సంఘాల ఊసు లేదు. 1960ల తర్వాత అవి బలపడి, జీతాలతో పాటు క్రమశిక్షణ నిబంధనలను కూడా ఒప్పందాల్లోకి తెచ్చాయి. షికాగోలో పోలీసుల మీద వచ్చిన ఫిర్యాదుల రికార్డులను ఐదేళ్ళ తర్వాత నాశనం చేయాలని ఒప్పందంలో రాయించుకున్నారు. 2020లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు అది చెల్లదని చెప్పాల్సి వచ్చింది. విచారణలో సభ్యుడి పక్కన కూర్చోవడం వేరు, విచారణే జరగకుండా చేయడం వేరు. లాకప్ మరణాలు ఆగని మన దేశంలో ఈ గీత చాలా ముఖ్యం. పోలీసు కుర్చీలో కూర్చున్నప్పుడు నిందితుడికి ఇవ్వని హక్కులు తనకు మెమో వచ్చినప్పుడు అడుగుతాడా అని జనం అడిగితే తప్పు పట్టలేం. అయితే సరైన విచారణ అంటే ఏమిటో తన ఒంటి మీదికొచ్చినప్పుడు ఒక్కసారైనా చూసిన పోలీసుకు అవతలివాడి విషయంలో కూడా దాని విలువ తెలిసే అవకాశం ఎక్కువ. అసలేమీ చూడనివాడికి అది పుస్తకంలో మాట మాత్రమే.

ఈ గీత ఎక్కడ గీయాలో చెప్పే పాతవాళ్ళు లేకపోలేదు. 1922లో బ్రిటిష్‌వాళ్ళు పోలీసుల్లో అసంతృప్తి రెచ్చగొట్టడాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చారు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంఘం, ఆమోదించిన నిబంధనల ప్రకారం, పోలీసుల మేలు కోసం మంచి ఉద్దేశంతో చేసే పని నేరం కాదని అందులోనే మినహాయింపు రాశారు. 1979లో జాతీయ పోలీసు కమిషన్ తన మొదటి నివేదికలోనే కానిస్టేబుళ్ళ జీతం, ఇల్లు, ఆర్డర్లీ పనులతో పాటు వాళ్ళ ఫిర్యాదులు తీర్చే యంత్రాంగం గురించి ప్రత్యేకంగా రాసింది. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్రంలో పోలీసు ఎస్టాబ్లిష్‌మెంట్ బోర్డు పెట్టమంది. డీఎస్పీ, ఆ కింది ర్యాంకుల బదిలీలు, పోస్టింగులు, ప్రమోషన్లు ఈ బోర్డే చూడాలి. దానితో పాటు బదిలీ, క్రమశిక్షణ, అక్రమమైన ఆదేశాల మీద మొర వినే అప్పీలు వేదికగా కూడా ఉండాలంది. ఎవరి మొర? ఎస్పీ, ఆ పై ర్యాంకుల అధికారులది. కానిస్టేబుల్ బదిలీని బోర్డు నిర్ణయిస్తుంది, అతని మొర మాత్రం ఆ తీర్పులో రాసిన అప్పీలు పరిధిలోకి రాదు. సంస్కరణల తీర్పుగా అందరూ మెచ్చుకునే ఆదేశంలోనే ఈ ఖాళీ ఉంది.

కర్ణాటక ఈ ఖాళీని పూరించాలంటే 1966 చట్టాన్ని మార్చక్కర్లేదు, అనుమతికి దారి అందులోనే ఉంది. అనుమతి ఇచ్చే ఆదేశంలో ఏం రాస్తారన్నదే అసలు సంగతి. సమ్మె, సామూహిక సెలవు పిలుపు నిషేధం అని ముందే రాసుకోవచ్చు. రెండేళ్ళకోసారి రహస్య ఓటింగ్ అని, బెటాలియన్లకు, సిటీ ఆర్మ్‌డ్ రిజర్వుకు, మహిళా సిబ్బందికి విడిగా స్థానాలని, పదవిలో ఉన్నంతకాలం ప్రతినిధిని బోర్డు రాతపూర్వక కారణం లేకుండా బదిలీ చేయకూడదని, ఏ రాజకీయ పార్టీ జెండా నీడలోనూ సభ పెట్టకూడదని, డీఈలో సభ్యుడి పక్కన కూర్చునే హక్కు ఉంటుంది గానీ పౌరుల ఫిర్యాదుల రికార్డుల జోలికి వెళ్ళకూడదని రాయవచ్చు. వీటిలో ఆ బదిలీ క్లాజు దగ్గరే పేచీ వస్తుంది. మిగతావన్నీ ఒప్పుకునే అధికారి కూడా దాని దగ్గర ఆగుతాడు, ఎందుకంటే కిందివాడి నోరు మూయించడానికి ఇన్నాళ్ళూ బాగా పనిచేసిన సాధనం బదిలీయే.